నొప్పికి సాక్ష్యం ఎవరు?

"రిపోర్టులన్నీ నార్మల్. అంతా మీ మనసులోనే ఉందమ్మా" అన్నాడు డాక్టరు. బండి మీంచి పడి ముంజేతి నరం దెబ్బతిని మూడేళ్ళు. గాయం మానింది. చున్నీ అంచు తగిలినా ఇప్పటికీ నిప్పంటుకున్నట్టే ఉంటుంది.

మనసంటే ఆయన దృష్టిలో ఆడవాళ్ళ కల్పన. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందిస్తాయని 1983లోనే క్లిఫర్డ్ వుల్ఫ్ చూపించాడు. నరం తెగిన జంతువుల మెదడులో, నొప్పి బాధను మోసే సింగ్యులేట్ కార్టెక్స్‌లో, నాడీసంధులు బలపడిపోతాయనీ తేలింది. ఇది కల్పనా?

అసలు ఈ శాస్త్రం ఎవరి శరీరాల మీద నిలబడింది? 'పెయిన్' పత్రికలో పదేళ్ళపాటు వచ్చిన జంతు పరిశోధనలను 2005లో లెక్కవేస్తే, కనీసం 79 శాతం మగ జంతువులతోనే చేసినవి. నరం దెబ్బతిన్నాక నొప్పిని నిలబెట్టేది మగ ఎలుకల్లో మైక్రోగ్లియా అనీ, ఆడ ఎలుకల్లో వేరే రోగనిరోధక కణాలనీ 2015లో గానీ బయటపడలేదు. ప్రయోగశాలలోనూ మగ శరీరమే ప్రమాణం!

నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనం కింద రాసుకుంది. ఆ మాట మన ఆసుపత్రుల గడప ఎప్పుడు దాటుతుంది? మా ఓర్పును పొగిడింది చాలు. మేం చెప్పేది కేసు షీటులో రాసుకోండి.