బీపీ మాత్ర పేరు చివర ఏముంది?

రోజూ వేసుకునే బీపీ మాత్ర పేరు చివర ‘ఏఎం’ అనో ‘హెచ్’ అనో ఉందేమో ఒకసారి చూడండి. ఏఎం అంటే సాధారణంగా టెల్మిసార్టాన్ వంటి మందుకు ఆమ్లోడిపిన్ తోడైందని. హెచ్ అంటే ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంలో పంపేసే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని.

ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. డాక్టర్ కొత్తగా కాంబినేషన్ మాత్ర రాస్తారు. పాత ఆమ్లోడిపిన్ ఇంకా సగం స్ట్రిప్పు మిగిలే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నది పారేయడం ఎందుకని రెండూ వేసేసుకుంటారు. ఒకే మందు రెండింతలవుతుంది. పాదాలు వాస్తాయి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పెద్దవాళ్లయితే బాత్రూమ్‌లో పడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు. అందుకే కొత్త చీటీ రాయించుకున్నప్పుడే, పాతవాటిలో ఏది ఆపాలో అక్కడే అడగండి. మందుల షాపులో ‘అదేనండీ, కంపెనీయే వేరు’ అన్నా చివరి అక్షరాలు, ఎంజీ సరిచూసుకోండి.

హెచ్ రకాన్ని ఉదయమే వేసుకోవడం మేలు, రాత్రి నిద్ర చెడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు మాత్ర సంగతి డాక్టర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. మోకాళ్ల నొప్పికి సొంతంగా డైక్లోఫెనాక్ కొనుక్కునే అలవాటు మాత్రం మానాల్సిందే. ఈ మాత్రలతో కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీకి మంచిదని వాడే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ వాడేవారిలో అది రక్తంలో పేరుకుపోవచ్చు. కాబట్టి అడగకుండా మొదలుపెట్టకండి. గర్భిణులకు టెల్మిసార్టాన్ పనికిరాదు. నెల తప్పిందన్న అనుమానం వస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.