సీఎస్‌కే స్క్రూ - సాఫ్ట్‌వేర్ బుర్ర

సీఎస్‌కే అనగానే మీకు ధోనీ, పసుపు చొక్కాలు గుర్తొస్తే మీరూ నాలాంటి వాళ్ళే. నెల్లూరు ఆటోనగర్లో మాత్రం ఆ మాటకి అర్థం వేరు. తల కోన్ ఆకారంలో ఉండి, రేకులోకి దిగిపోయి, పైన చదునుగా కనిపించే స్క్రూ అది. కౌంటర్‌సంక్ అనే పేరుకి కురచ రూపం. ఆ తల కూర్చోడానికి రేకులో కోన్ ఆకారపు పల్లం చెయ్యడాన్ని అక్కడ 'కౌంటర్ కొట్టడం' అంటారు. ఈ సంగతి తెలుసుకోడానికి నాకు పట్టిన ఖర్చు గురించే ఈ సోదంతా.

మా బాబాయ్‌కి మైపాడు పక్కన రొయ్యల గుంటలున్నాయి. 90ల్లో టైగర్ రొయ్య వెలుగూ చూశాడు, తెల్లమచ్చ రోగంతో మునగడమూ చూశాడు. 2009లో మన దేశంలో వనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ మొదలెట్టాడు. వనామీని గుంటలో కిక్కిరిసి పెంచుతారు కాబట్టి ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ తాగుతుంది. తెల్లారుజామున ఆక్సిజన్ అట్టడుక్కి పోతుంది. ఆ టైములో ఫ్యాన్లు ఆగితే ఇక అంతే.

ఓ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూస్తే గట్టుమీది ప్యానెల్ బోర్డు తలుపు కీలు తుప్పుపట్టి ఊడిపోయి ఉంది. పండగ పూట మేస్త్రీ దొరకలేదు. "నాలుగు స్క్రూలే కదా బాబాయ్, నేను చూస్తాలే" అన్నాను. (మన ఫీల్డులో కూడా పెద్ద ప్రమాదాలన్నీ ఈ వాక్యంతోనే మొదలవుతాయి.)

కొత్త స్టీలు కీలు, 3 మిల్లీమీటర్ల మందం. ఎం5 సీఎస్‌కే స్క్రూలు. 5.5 బిట్టుతో చిల్లులేశాను. ఇక పల్లం చెయ్యాలి. స్క్రూ తల వెడల్పు 10 మిల్లీమీటర్లు. ఇంట్లో 10 మిల్లీమీటర్ల మామూలు డ్రిల్ బిట్టు ఉంది, దాని మొన కూడా కోన్ లాగే ఉంటుంది. ఇంకేం, అదే పెట్టి నొక్కేశాను. కీచుమని అరిచింది, పొగొచ్చింది, ఒకసారి బిట్టు పట్టేసి నా మణికట్టు తిప్పేసింది. అంచులేమో పూరీ అంచుల్లా వంకర్లు పోయాయి. స్క్రూల తలలు కొంచెం పైకే ఉన్నాయి, అయినా బిగిశాయి. టెస్ట్ పాస్ అనుకుని పండగ చేసుకున్నా.

ఏప్రిల్లో ఒక రాత్రి మూడింటికి ఫోను. ప్యానెల్ ట్రిప్పయింది, ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. జనరేటర్ ఉంది, కానీ దాని కరెంటు కూడా ఆ ప్యానెల్ గుండానే పోవాలి. పనివాళ్ళు ఎలక్ట్రీషియన్ని లేపి తీసుకొచ్చి, డైరెక్టుగా వైర్లు కలిపేసరికి గంటన్నర. అప్పటికే రొయ్యలు పైకి తేలి గట్టు అంచుల్లోకి చేరాయి. ఎంత పోయిందో బాబాయ్ నాకు ఇప్పటికీ చెప్పలేదు. "ఏందబ్బయ్యా, ఇంత చదివినోడివి, నాలుగు స్క్రూలు సరిగ్గా బిగించలేకపోతివే" అన్నాడంతే.

జరిగింది ఇదీ. కీలు రెండు రెక్కల మీదా స్క్రూల తలలు పైకి ఉన్నాయి. ఒకదానికొకటి ఎదురై కీలు పూర్తిగా మడత పడలేదు. తలుపు ఆ వైపు రబ్బరుని నొక్కలేదు. ఆ సందులోంచి మూడు నెలలపాటు ఉప్పుగాలి, మంచు లోపలికెళ్ళి కాంటాక్టర్‌ని తినేశాయి.

ఆ కీలు పట్టుకుని ఆటోనగర్లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరకెళ్ళాను. చూసి నవ్వాడు. "బిట్టుకి మొనుంటే చాలనుకుంటివా అబ్బయ్యా? ఈ స్క్రూ తల తొంభై. నీ బిట్టు మొన నూటపద్దెనిమిది. పావలా గూట్లో రూపాయి పెడితే ఎట్టా?"

ఇంటికొచ్చి లెక్కేశాను. మామూలు డ్రిల్ బిట్టు మొన కోణం 118 డిగ్రీలు, గట్టి లోహాలకి వాడేవి కొన్ని 135. మనకి దొరికే మెట్రిక్ సీఎస్‌కే స్క్రూ తల 90 డిగ్రీలు. 5.5 చిల్లుని 118 డిగ్రీలతో 10 దాకా వెడల్పు చేస్తే లోతు 1.35 మిల్లీమీటర్లే వస్తుంది. తలకి కావలసింది 2.25. అంటే తల 0.9 మిల్లీమీటరు బయటే ఉంటుంది. పోనీ ఇంకా లోతుగా తవ్వితే? తల చదునుగా కనిపిస్తుంది గానీ ఆనేది కింద ఒక సన్నటి గీత మీదే, చుట్టూ సందు. మన సముద్రం పక్కన ఆ సందులో ఉప్పు నీళ్ళు నిలిచి స్టీలుని కూడా కొరుకుతాయి.

కాబట్టి నేను నేర్చుకున్నది. మొదట కోణం. మెట్రిక్‌కి 90, అమెరికా అంగుళాల స్క్రూలకి 82, విమానాల్లో 100. మన కొట్లలో అడగకపోతే కోణం చెప్పరు, అడగాలి. రెండోది, రేకు మందం. ఎం6 తల లోతు 3.3 మిల్లీమీటర్లు, దాన్ని 2 మిల్లీమీటర్ల రేకులో దింపాలనుకోవడం అత్యాశ. మూడోది, బిట్టు రకం. చేతి డ్రిల్లుకి ఒకే పన్ను ఉన్నదో, ఏటవాలు చిల్లు ఉన్నదో తీసుకుంటే అదరదు. మూడు పళ్ళది స్టాండు డ్రిల్లుకి బాగుంటుంది. నాలుగోది, వేగం. స్టెయిన్‌లెస్ స్టీలు మీద బిట్టు కొయ్యకుండా రుద్దితే అక్కడ స్టీలు ఇంకా గట్టిపడిపోతుంది. 10.4 బిట్టుకి నిమిషానికి 300 చుట్లు చాలు, కటింగ్ ఆయిల్ వేసి గట్టిగా నొక్కాలి. నేనేమో ఫుల్ స్పీడులో తిప్పాను. కోబాల్ట్ కలిసిన హెచ్ఎస్ఎస్ అయితే స్టీలుకి ఎక్కువ కాలం వస్తుంది. ఇక అలెన్ బోల్టు లాంటి చదును అడుగు తలకైతే కోన్ అసలు పనికిరాదు, దానికి చదునుగా తవ్వే కౌంటర్‌బోర్ కావాలి.

"ఒక స్క్రూకి ఇంత పురాణమా" అంటారేమో. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మాలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానానికి గాల్లో ముందద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుందాకా బయటికి లాగబడ్డాడు, సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వేలాడారు. ఆయన బతకడం, అందరూ క్షేమంగా దిగడం అద్భుతమే. ముందురోజు ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 వ్యాసంలో 0.66 మిల్లీమీటరు సన్నం. కంటికి సరిపోయినట్టే ఉన్నాయని వేసేశారు. సన్నబోల్టు తల దాని పల్లంలో ఉండాల్సిన దానికంటే లోతుగా దిగి చుట్టూ ఖాళీ వదిలింది. తప్పు ఎదురుగానే కనిపిస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. నా కీలు మీద తలలు పైకి కనిపించినట్టే.

నా గొడవ బిట్టుతో కాదు, మన బుర్రతో. రెండు ప్రోగ్రాముల మధ్య ఒక ఫీల్డు తేడా వస్తే రివ్యూలో గంటసేపు చంపుతాం. అదే ఇనుము దగ్గరకొచ్చేసరికి 'ఏదో ఒకటి, చిల్లు పడితే చాలు' అంటాం. ఐటీఐ చదివి పదిహేనేళ్ళు లేతు మీద నిలబడ్డ మనిషి వంద రూపాయలు ఎక్కువడిగితే బేరమాడతాం. ఆయన అడిగేది చిల్లుకి కాదు, ఏ చిల్లుకి ఏ కోణమో తెలిసినందుకు. అది నేను రొయ్యల లెక్కలో కట్టాను, అదీ బాబాయ్ డబ్బుతో.

కొత్త కీలు ఆ మేస్త్రీయే వేశాడు. పల్లం చేశాక స్క్రూ పెట్టి, బొటనవేలి గోరు ఒకసారి అడ్డంగా లాగాడు. ఎక్కడా తగల్లేదు. "ఇదే టెస్టు" అన్నాడు. మీ ఇంట్లో ఏదైనా తలుపు సరిగ్గా పడకపోతే ముందు కీలు మీద మీరూ ఓసారి గోరు లాగి చూడండి.