లీ కౌంటీ నేలకు దక్కని పేరు

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. దళితవాడ వాళ్లు వినోబా భావేను అడిగింది ఎనభై ఎకరాలు, దక్కింది వంద. అక్కడ మొదలైన భూదానం నడుస్తూ నడుస్తూ గ్రామదానం అయింది. ఎవరి చెక్క వాళ్లకు పంచి ఊరుకోవడం కాదు, ఊరి నేల ఊరి పేరునే ఉండాలి, దున్నేవాడికి దున్నుకునే హక్కు ఉండాలి అన్న ఆలోచన అది. మన పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆ ఆలోచన అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చేరిందనీ, అక్కడి నల్లజాతి రైతులు దాన్ని దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఆచరణలో పెట్టబోయారనీ, అందుకు ఎంతో నష్టపోయారనీ మనకెవరూ చెప్పలేదు. అమెరికా వాళ్లకూ సరిగా చెప్పినవాళ్లు తక్కువ. నా బాధ అదే.

ఆ సంస్థ పేరు న్యూ కమ్యూనిటీస్. లాభం కోసం కాక నేల కోసం పుట్టిన సంస్థ.

అట్లాంటా నుంచి దక్షిణంగా కారులో మూడు గంటలు పోతే ఆల్బనీ వస్తుంది. 1961లో స్నిక్ అనే విద్యార్థి పౌరహక్కుల సంఘం తరఫున చార్లెస్ షెరాడ్ అక్కడికి వచ్చాడు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు. ఓటరు జాబితాలో నల్లవారి పేర్లు ఎక్కించడం అతని పని. మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఆల్బనీ వచ్చాడు, జైలుకు వెళ్లాడు, తర్వాత ఉద్యమం వేరే ఊళ్లకు సాగిపోయింది. పత్రికలవాళ్లూ దానివెంటే వెళ్లిపోయారు. షెరాడ్ మాత్రం ఆ ప్రాంతాన్నే తన ఊరు చేసుకున్నాడు. అతనికి అక్కడ అర్థమైన సంగతి ఒకటుంది. ఓటరుగా పేరు రాయించుకున్న మనిషిని ఆసామి మర్నాడే పొలంలోంచి వెళ్లగొట్టగలడు. పాలుకు చేసుకుంటున్న నేల ఆసామిది, తలదాచుకున్న ఇల్లు ఆసామిది, విత్తనాలకు తెచ్చిన అప్పు ఆసామిది. కాలు మోపడానికి సొంత నేల లేనివాడికి చట్టం ఓటు హక్కు ఇచ్చినా దాన్ని వాడుకునే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

అతని భార్య షెర్లీకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బేకర్ కౌంటీ రైతు హోసీ మిల్లర్ కూతురు ఆమె. 1965లో పశువుల విషయంలో వచ్చిన తగాదాలో పొరుగున ఉన్న తెల్ల ఆసామి మిల్లర్‌ను కాల్చి చంపాడు. అందరూ తెల్లవాళ్లే కూర్చున్న గ్రాండ్ జ్యూరీ అతని మీద కేసే లేదని తేల్చింది. షెర్లీకి అప్పుడు పదిహేడేళ్లు. తల్లి నిండు గర్భిణి. చదువు కాగానే ఉత్తరాదికి వెళ్లిపోవాలని అప్పటిదాకా అనుకున్న పిల్ల, తండ్రి పోయాక, ఇక్కడే ఉండి ఇక్కడి పద్ధతి మార్చాలని నిశ్చయించుకుంది. తల్లి గ్రేస్ మిల్లర్ కూడా ఊరు వదల్లేదు. తర్వాత అదే కౌంటీలో స్కూలు బోర్డుకు ఎన్నికైంది.

ఇలాంటి మనుషులకు రాబర్ట్ స్వాన్ అనే తెల్ల వడ్రంగి తోడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనని జైలుకు వెళ్లినవాడు. అతనూ, అతనికి గురువులాంటి రాల్ఫ్ బోర్సోడీ గ్రామదానాన్ని శ్రద్ధగా గమనించారు. బోర్సోడీ భారతదేశంలో కొన్నాళ్లు ఉండి చూసినవాడు కూడా. పంచిపెట్టిన నేల అప్పులకో అమ్మకాలకో మళ్లీ చేజారిపోతుంది, ఉమ్మడిగా నిలిపిన నేల నిలుస్తుంది. ఇదీ వాళ్లు మన దగ్గర నేర్చుకున్నది. 1968లో స్వాన్, షెరాడ్, ఆల్బనీ ఉద్యమ నాయకుడు స్లేటర్ కింగ్, మరికొందరు ఇజ్రాయెల్ వెళ్లి అక్కడ కౌలు మీద సాగయ్యే ఉమ్మడి భూములను కూడా చూసి వచ్చారు. మరుసటి ఏడాదే స్లేటర్ కింగ్ కారు ప్రమాదంలో పోయాడు. అయినా ఆ ఏడాదే సంస్థను రిజిస్టరు చేశారు.

పద్ధతి ఇది. నేల మొత్తం ట్రస్టుది, ఎప్పటికీ అమ్మకానికి లేదు. కుటుంబాలకు దీర్ఘకాలపు కౌలు, పిల్లలకు సంక్రమించే హక్కు. ఇల్లు మాత్రం ఎవరిది వాళ్లదే. పక్క ఊళ్లో రియల్ ఎస్టేటు ధర ఎంత పెరిగినా ఈ నేల మీద ఉన్నవాళ్లను కదిలించలేదు. ఇవాళ ప్రపంచమంతా కమ్యూనిటీ లాండ్ ట్రస్టు అని పిలుస్తున్న ఏర్పాటు అమెరికాలో మొదట ఇక్కడే తలెత్తింది.

1970 నాటికి లీ కౌంటీలో 5,700 ఎకరాలకు పైగా కొన్నారు. అంతా అప్పే. ఆ దేశంలో నల్లజాతివారి చేతిలో ఒకే చోట అంత నేల అప్పట్లో మరొకటి లేదు. వేరుశెనగ, మొక్కజొన్న, సోయాచిక్కుడు వేశారు. ద్రాక్ష పెట్టారు, పుచ్చకాయలు పండించారు, పందుల్ని పెంచారు. రోడ్డు పక్కన అంగడి పెట్టి తమ పంట తామే అమ్ముకున్నారు, మాంసం పొగబెట్టి నిల్వచేసి అమ్మారు. చెరకు ఆడి పాకం తీశారు. పిల్లలకు బాలవాడి నడిపారు. అసలు కల అయితే ఊళ్లు కట్టడం. వందల కుటుంబాలకు ఇళ్లు, బడి, ఆసుపత్రి అన్నీ కాగితం మీద గీసుకున్నారు. ప్రణాళికకు కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. కట్టడానికి రావలసిన డబ్బు మాత్రం రాలేదు. జాతుల వేర్పాటును బాహాటంగా సమర్థించిన గవర్నరు లెస్టర్ మాడాక్స్ అడ్డుపడ్డాడు. ఇళ్లు లేచే చోట ఇళ్లు లేవలేదు. నేల అప్పు మాత్రం నెత్తిమీద ఉండిపోయింది. చుట్టుపక్కల తెల్లవాళ్లు న్యూ కమ్యూనిటీస్ కట్టడాల మీద తుపాకులు పేల్చారు.

అన్నీ ఓర్చుకుని పదిహేనేళ్లు సాగు చేశారు. ఆ మధ్యలోనే కరువు వచ్చింది. కరువు అందరికీ వచ్చింది, తెల్ల రైతుకూ నల్ల రైతుకూ. అలాంటప్పుడు ఆదుకోవడానికే వ్యవసాయ శాఖ అత్యవసర రుణాలు పెట్టింది. చుట్టుపక్కల తెల్ల రైతులకు అవి అందాయి. న్యూ కమ్యూనిటీస్‌కు మూడేళ్లు తిప్పారు. వాషింగ్టన్‌లో మొరపెట్టుకుని తెచ్చుకున్న రుణానికి కూడా అధికారి సంతకం లేనిదే పైసా కదలని షరతు. అదనుకు అందని డబ్బు రైతుకు ఎందుకు పనికొస్తుందో సాగు చేసిన ఇంట్లో పుట్టిన ఎవరినైనా అడగండి. 1985లో నేల జప్తుకు పోయింది. కొన్నవాడు గోతులు తవ్వించి, వాళ్లు కట్టుకున్న కట్టడాలను ఆ గోతుల్లోకి తోయించాడని షెర్లీ చాలాసార్లు చెప్పింది.

నాకు మరీ కష్టమనిపించేది ఆ తర్వాతి కథ. ఆ పద్ధతినే 1984లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో నగర పాలకుల అండతో పెట్టారు. అది చక్కగా సాగింది. ఆ సంస్థకు 2008లో ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. వాళ్లు చేసింది గొప్ప పనే, కాదనను. కానీ అక్కడ నగరం డబ్బిచ్చింది, ఇక్కడ రాష్ట్రం డబ్బు ఆపింది. అక్కడ అధికారి తలుపు తీశాడు, ఇక్కడ మూసుకున్నాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకటి విజయం, ఒకటి వైఫల్యం అని ముద్ర వేయడం ఏ న్యాయం? న్యూ కమ్యూనిటీస్‌ను తలచుకునేవాళ్లు కూడా ‘ప్రయోగం విఫలమైంది’ అనే ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. విఫలం కాలేదు, విఫలం చేశారు. ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. 1997లో నల్ల రైతులు వ్యవసాయ శాఖ మీద వేసిన పిగ్‌ఫర్డ్ దావా 1999లో రాజీ అయింది. ఆ రాజీ కింద న్యూ కమ్యూనిటీస్ వేసిన దరఖాస్తును మొదట కొట్టేశారు. పట్టు వదలకుండా మళ్లీ వెళ్లారు. 2009లో, వివక్ష జరిగింది నిజమేనని తీర్పు వచ్చింది, పరిహారం సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లు. నేల పోయిన ఇరవై నాలుగేళ్లకు.

మరుసటి ఏడాది ఏం జరిగిందో చూడండి. షెర్లీ షెరాడ్ అప్పటికి అదే వ్యవసాయ శాఖలో జార్జియా గ్రామీణాభివృద్ధి డైరెక్టరు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి వ్యక్తి. 1986లో ఒక తెల్ల రైతు పొలం పోకుండా తాను ఎలా సాయపడిందో, ఆ అనుభవంలో తన మనసు ఎలా మారిందో ఆమె ఒక సభలో చెప్పింది. ఆ ప్రసంగంలో ముందూ వెనకా కత్తిరించి, ఆమే జాతి ద్వేషి అని కనిపించేలా ఒక వీడియో వదిలారు. నిజం కనుక్కోకుండా గంటల్లో ఆమెతో రాజీనామా చేయించారు. ఆ తెల్ల రైతు కుటుంబమే ముందుకొచ్చి ఆమె తమ పొలం కాపాడిందని చెప్పింది. మంత్రి క్షమాపణ చెప్పాడు, అధ్యక్షుడు ఒబామా ఫోన్ చేశాడు. కొత్త ఉద్యోగం ఇస్తామంటే ఆమె వద్దంది. ఈనాటికీ ఆమె పేరు చెబితే చాలామందికి గుర్తుకొచ్చేది ఆ వీడియోనే. తండ్రిని చంపిన నేలను వదలకుండా అరవై ఏళ్లుగా రైతుల వెంట నిలిచిన మనిషిని దేశం ఒక వారం రోజుల రచ్చతో గుర్తుపెట్టుకుంది!

పరిహారం వచ్చింది కదా, ఆ దంపతులు విశ్రాంతి తీసుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు మళ్లీ నేలే కొన్నారు. 2011లో ఆల్బనీ పక్కన 1,600 ఎకరాలకు పైబడిన సైప్రస్ పాండ్ అనే పాత ఎస్టేటు. ఒకప్పుడు జార్జియాలోని పెద్ద బానిస యజమానుల్లో ఒకడిది. దానికి రెసోరా అని పేరు పెట్టారు. పెకాన్ తోటలున్నాయి, కొత్త రైతులకు శిక్షణ ఇస్తారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకచోట కూర్చుని పాత గాయాల గురించి మాట్లాడుకునే సభలు జరుగుతాయి. చార్లెస్ షెరాడ్ 2022లో కన్నుమూశాడు.

ఈ పని ఎందుకు ఇంకా అవసరమో లెక్క చూస్తే తెలుస్తుంది. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షల 25 వేలు, మొత్తం రైతుల్లో ఏడో వంతు. ఇవాళ 50 వేలు కూడా లేరు, నూటికి ఇద్దరైనా కారు. వీలునామా రాయకుండా పోయిన తాత నేల పదిమంది వారసుల పేర పడి, అందులో ఒకడి వాటా కొన్న వ్యాపారి కోర్టుకెళ్లి మొత్తం వేలం వేయించడం అక్కడ దశాబ్దాలుగా జరుగుతున్న తంతు. నల్ల రైతులకు అండగా 1967 నుంచి పనిచేస్తున్న ఫెడరేషన్ ఆఫ్ సదరన్ కోఆపరేటివ్స్‌ను కూడా 1979, 80లలో గ్రాండ్ జ్యూరీ దర్యాప్తు పేరుతో నెలల తరబడి వేధించారు. చివరికి ఒక్క అభియోగమూ పెట్టలేకపోయారు. మంచి పని చేసిన నల్లజాతి సంస్థలు ముందు తమ నిజాయితీ రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే పని. మిగతావాళ్లను ఎవరూ అలా అడగరు.

మనవాళ్లతో ఒక మాట. 1965 వలస చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం అమెరికా మనస్సాక్షిని కుదిపిన రోజుల్లోనే. నేటి తెలుగువాళ్లు ఆ దేశంలో డాక్టర్లుగా, ఇంజనీర్లుగా స్థిరపడటానికి దారి తీసింది ఆ చట్టమే. ఆ దారి తెరిపించడానికి దెబ్బలు తిన్నవాళ్లలో ఆల్బనీ జనం ఉన్నారు. అట్లాంటా శివారుల్లో, ఆల్ఫరెట్టాలో, కమింగ్‌లో, జాన్స్ క్రీక్‌లో ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఉగాదికీ దసరాకూ సభలు చేసుకుంటాం, సొంతూరి బడికీ గుడికీ చందాలు పంపుతాం, మంచిదే. మూడు గంటల దూరంలో, మన నేల మీద పుట్టిన ఆలోచనను భుజాన వేసుకుని సర్వస్వం పోగొట్టుకుని మళ్లీ నిలబడిన మనుషులున్నారని ఆ సభల్లో ఒక్కసారైనా చెప్పండి. పిల్లల్ని ఒక శనివారం రెసోరాకు తీసుకెళ్లండి. పెకాన్లు అక్కడివే కొనండి. ఈ ఏడాది విరాళాల జాబితా రాసేటప్పుడు న్యూ కమ్యూనిటీస్ పేరు కూడా అందులో రాయండి.