ఆకుపచ్చ కోటు

వస్త్రమునకు గౌరవము నూలు వలన గాక, ధరించువాని అర్హత వలన కలుగును. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఆగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్బు కలదు. 1937 నుండి అచటి సభ్యులు ఆకుపచ్చ కోటు ధరించుచున్నారు. 1949లో శామ్ స్నీడ్ మాస్టర్స్ పోటీలో గెలువగా, విజేతకును ఆ కోటు నొసగు ఆచార మేర్పడెను. నాలుగు దినములు ఆడి, 72 గుంటలను అందరికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. గత సంవత్సరపు విజేతయే అతనికి కోటు తొడుగును. 1966లో జాక్ నిక్లాస్ వరుసగా రెండవమారు గెలిచి, తన కోటు తానే తొడుగుకొనెను!

విజేత దాని నొక్క యేడు ఇంట నుంచుకొని, పిదప క్లబ్బునకు అప్పగింపవలెను. గెలిచినదానిని తిరిగి యిచ్చు టేల యని కొంద రందురు. కాని ఈ నియమమే మెచ్చదగినది. కోటు మరలిపోయినను గెలుపు మరలిపోదు. కొన్న వస్త్రము చినిగిన నాడు దాని శోభ నశించును. శ్రమించి పొందిన గౌరవము వస్త్రము లేకున్నను నిలుచును. విద్యార్థులును బహుమతిని గాక, దానికి తగిన అర్హతను కోరవలెను.