గుమ్మటం లేని మస్జిద్

ఢాకా నగరంలో బైతుర్రవూఫ్ అనే మస్జిద్ ఉంది. దానికి గుమ్మటం లేదు, మినార్ లేదు. ఎర్ర ఇటుకల గోడలే దాని అలంకారం. తమ ఇంటి పెద్దావిడ దానమిచ్చిన స్థలంలో మరీనా తబస్సుమ్ రూపకల్పన చేసిన ఈ కట్టడం 2012లో పూర్తయింది. 2016లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం పొందింది.

ఇటుకల నడుమ విడిచిన సందుల గుండా గాలి లోపలికి వీస్తుంది. పైకప్పులోని గుండ్రని రంధ్రాల నుండి వెలుతురు నేలపై చుక్కలుగా పడుతుంది. ఖిబ్లా గోడలోని సన్నని నిలువు చీలిక వెలుగునిస్తుంది. కాని వీధిలో నడిచేవారు కనిపించి నమాజీల ధ్యాస చెదరదు.

గుమ్మటం, మినార్ మనకు ప్రియమైన గుర్తులే. అయితే అవి నమాజుకు షరతులు కావు. మదీనాలో దైవప్రవక్త (స) నిర్మించిన మస్జిద్‌కు ఖర్జూరపు మానులే స్తంభాలు, మట్టలే కప్పు.

మేము చెప్పదలచినది ఒక్కటే. చందా ఇచ్చేవారిలో రోజుకూలీలూ ఉంటారు. వారి సొమ్ము మన చేతిలో అమానతు. మినార్ ఎత్తు నిర్ణయించే ముందు కమిటీ పెద్దలు ఆలోచించాలి: జుహర్ వేళ లోపల గాలి ఆడుతుందా? వృద్ధులు జారిపడకుండా వుజూ చేయగలరా? స్త్రీలకు చోటుందా? వీటికి జవాబు దొరికిన తరువాతే మినార్ మాట.