సొరంగంలో గాలి, గదిలో గాలి

యుద్ధఖైదీలు చెర నుంచి తప్పించుకొన్న ఘట్టాన్ని బల్ల మీద చిన్న నమూనాగా నిర్మించాలని మీకు గాని, మీ ఇంటి పెద్దలకు గాని కోరిక పుడితే దానిని పిల్లల ఆట అని తీసివేయకండి. నేల, చెట్లు, ఇళ్లు, మనుషులు ఒకే కొలతలో తగ్గించి అమర్చే ఇటువంటి దృశ్యాన్ని డయోరమా అంటారు. దానికి చూపు, చేతి నిలకడ, లెక్క, ఓపిక అన్నీ కావాలి. ఇది మతిమరుపు వ్యాధిని ఆపుతుందని నేను చెప్పను. కాని రోజుకు రెండు గంటలు మనసు పెట్టే పని ఉన్న వృద్ధునికి, గోడ గడియారం చూస్తూ కూర్చొనే వృద్ధునికి తేడా వైద్యునికి గదిలో అడుగు పెట్టగానే తెలుస్తుంది. నా అభ్యంతరమల్లా ఆ పని జరిగే గదితోనే.

ఈ వ్యాపకం గలవారికి మిక్కిలి ఇష్టమైన ఘట్టాలలో ఒకటి 1944 మార్చి 24 రాత్రి జరిగింది. నేడు పోలండులో ఉన్న జగాన్ పట్టణం నాడు జర్మనీలోని సాగాన్. అక్కడ జర్మన్ వైమానిక దళం నడిపిన స్టాలగ్ లుఫ్ట్ 3 శిబిరంలో మిత్రపక్షాల వైమానికులు బందీలుగా ఉండేవారు. రోజర్ బుషెల్ నాయకత్వాన వారు 1943లో టామ్, డిక్, హారీ అని పేర్లు పెట్టి మూడు సొరంగాలు తవ్వసాగారు. టామ్ పట్టుబడింది. హారీ మాత్రం ఒక బారకులోని పొయ్యి కింద నుంచి దిగి, సుమారు 9 మీటర్ల లోతున 100 మీటర్లకు పైగా సాగింది. 1963 నాటి ‘ది గ్రేట్ ఎస్కేప్’ చిత్రం మీలో కొందరు చూచే ఉంటారు. అందులో మోటారు సైకిలు మీద కంచె దూకే దృశ్యం సినిమావారి కల్పన.

ఆ శిబిరానిది ఇసుక నేల. పైన బూడిదరంగు మన్ను, కింద పసుపు పచ్చని ఇసుక. గుప్పెడు ఇసుక పైన కనబడినా కాపలావారికి గుట్టు తెలిసిపోతుంది. అందుకే ఖైదీలు ప్యాంట్లలో సంచులు వ్రేలాడదీసుకొని, నడుస్తూ కొంచెం కొంచెంగా జారవిడిచి కాళ్లతో మన్నులో కలిపేసేవారు. పొడి ఇసుకకు గోడ నిలవదని మైపాడులోనో కొత్తకోడూరులోనో గుంట తవ్విన ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఆ ఖైదీలు మంచాల అడ్డపలకలు నాలుగు వేల వరకు ఊడదీసి సొరంగానికి చట్రాలు బిగించారు.

వైద్యునిగా నన్ను ఆకట్టుకొన్నది మాత్రం పలకలు కాదు, గాలి. వెడల్పు, ఎత్తు 60 సెంటీమీటర్లే ఉన్న బొరియలో బోర్లా పడుకొని తవ్వే మనిషి విడిచిన ఊపిరి ఎక్కడికీ పోదు. బొగ్గుపులుసు వాయువు పేరుకొంటుంది. మొదట తలనొప్పి, ఆయాసం, పిదప మగత, ఆపైన స్పృహ తప్పడం. కొవ్వు దీపం పెడితే అదీ ఆ గాలినే తింటుంది. అందుకని వారు సామాను సంచులతో తిత్తి చేశారు, మన కమ్మరి కొలిమి తిత్తి వంటిదే. రెడ్‌క్రాస్ పొట్లాలలో వచ్చిన క్లిమ్ పాలపొడి డబ్బాల అడుగులు తీసి, ఒకదానికొకటి తగిలించి గాలిగొట్టం వేశారు. (మిల్క్‌ను తిరగేస్తే క్లిమ్.) ఒకరు లోపల తవ్వుతున్నంతసేపూ మరొకరు తిత్తి ముందుకూ వెనుకకూ లాగుతూ ఉండవలసిందే. ఈ ఘట్టం అనగానే బయటి రంధ్రంలోనుంచి తల ఎత్తే మనిషే కళ్లకు కడతాడు. నన్నడిగితే తిత్తి లాగే మనిషిని ముందు పెట్టండి. 1/72 కొలతలో అతడు రెండున్నర సెంటీమీటర్లకు లోపే ఉంటాడు. సొరంగమంతా 1 మీటరు 40 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. భోజనాల బల్ల చాలు, ఇంట్లో వదిలితే.

ఇప్పుడు ఆ బల్ల ఉన్న గదికి వద్దాం. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను ఆపుతారు. దుమ్ము పడుతుందని కిటికీలు మూస్తారు. ఉక్కకు ఏసీ పెడతారు. ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలోని గాలినే చల్లబరచి మళ్లీ గదిలోకి వదులుతుంది. ఆ మూసిన గదిలోనే థిన్నరుతో కుంచెలు కడగడం, సూపర్ గ్లూ అంటించడం, కాలిన తీగతో థర్మోకోల్ కోయడం. పెక్కు థిన్నర్లలో ఉండే టాలీన్ ఆవిరి గాలికంటె బరువు కనుక కిందనే నిలుస్తుంది. కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. రక్తపోటు పెరిగిందేమోనని మాత్ర మింగుతారు. సూపర్ గ్లూ ఆవిరి ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం రేపగలదు.

ఖైదీలు గాలి కోసం సంచులతో తిత్తి చేసుకొన్నారు. మీకు కిటికీ ఉంది.

నెల్లూరు తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. అంటింపులు, రంగులు ఆ వేళకు పెట్టుకోండి. ఎదురెదురు కిటికీలు తెరవండి. ఒకటే ఉంటే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి, స్ప్రే పని వరండాలో చేసుకోండి. ముక్కలు ఎగరకుండా అంచులున్న పళ్లెంలో తడిబట్ట పరచుకోండి. నీటితో కలిపే అక్రిలిక్ రంగులు, ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఈ పనికి చాలావరకు సరిపోతాయి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. చక్కెర వ్యాధితో వ్రేళ్ల స్పర్శ తగ్గినవారికి బ్లేడు తెగిన సంగతి తెలియకపోవచ్చు, పని ముగిశాక వ్రేళ్లు చూచుకోండి.

నేల కోసం గూడూరు, చిల్లకూరు వైపు దొరికే తెల్లని సిలికా ఇసుక తెచ్చుకొంటే దానిని దంచి పొడి చేయకండి. ఇసుక రేణువు ఊపిరితిత్తుల లోతుకు పోదు, దంచిన పొడి పోతుంది. గుప్పెడు ఇసుకతో మీకు సిలికోసిస్ వస్తుందని భయపెట్టను, తడిపి వాడండి చాలు. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చే కార్మికులకు వచ్చే ఆ వ్యాధిని నయం చేసే మందు లేదు. వారి గురించి వేరుగా వ్రాయవలసి ఉంది.

నమూనా కింద పేరుపలక పెట్టేటప్పుడు 76 మంది బయటపడ్డారని వ్రాసి ఊరుకోవద్దు. 73 మంది మళ్లీ చిక్కారు. వారిలో 50 మందిని హిట్లర్ ఆజ్ఞ మీద కాల్చి చంపారు. బుషెల్ ఆ యాభైమందిలో ఒకడు. చిక్కకుండా దాటిపోయినవారు ముగ్గురే. మనుమలకు సాహసం చెప్పి మరణం దాచడం నాకు నచ్చదు.

ఆ మనుమలు నమూనా చూచి ఊరుకోరు, ఆదివారం మైపాడు వెళ్లినప్పుడు తామూ సొరంగం తవ్వుతారు. అక్కడ చట్రాలు ఉండవు. పైన తడిసి గట్టిగా కనబడిన ఇసుక, ఎండగానే లోపలికి కూలుతుంది. ముఖం బయటే ఉన్నా ఛాతీ మీది ఇసుక బరువుకు ఊపిరి తీయడం సాధ్యం కాదు. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇటువంటి ప్రమాదాలను లెక్కగట్టినప్పుడు చిక్కినవారిలో సగానికి పైగా మరణించినట్లు తేలింది. గుంట అందరిలో చిన్నవాని మోకాలు దాటకూడదు. పక్కకు బొరియ అసలే వద్దు. కూలితే అంచు మీద నిలబడకండి, మరింత కూలుతుంది. అందరూ చేతులతో ముందు ముఖం, తర్వాత ఛాతీ బయటికి తీయండి, ఒకరు 108కి ఫోను చేయండి. వెళ్లేముందు గుంట పూడ్చి వెళ్లండి.