జర్మను సాహిత్యము మనకేల అనువారికి

జర్మను భాష నేర్చిన ఉద్యోగము, జర్మను సాహిత్యము చదివిన కాలహరణము: ఈ మాట నేడు మన కుటుంబములలో వేదవాక్యమై కూర్చున్నది. బెంగుళూరు, చెన్నపురి, పుణె నగరములందలి మాక్స్‌ముల్లర్ భవనములలో ఏ1, ఏ2, బీ1 అని మెట్లు లెక్కించుకొనుచు నేర్చు పిల్లలను చూచి తల్లిదండ్రులు మురియుచున్నారు. ఆ బిడ్డయే విశ్వవిద్యాలయమున జర్మను సాహిత్యమును ప్రధానముగా చదివెదనన్నచో ఇంట పిడుగు పడినట్లగుచున్నది. "మన తెలుగే మనకు నిలుచుట లేదు, పరాయివారి కావ్యములు నీకేల?" అని పెద్దలు అడ్డుపడుచున్నారు. ఈ అడ్డు అవివేకమని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

జీవనోపాధిని మేము తక్కువ చేయుట లేదు. నర్సుగనో ఇంజనీరుగనో పోవువారికి భాష వలయును, నేర్వవలసినదే. కాని భాషను టిక్కెట్టుగా మాత్రమే చూచు అలవాటు జర్మనుతో ఆగదు. నేడు జర్మనుకు కట్టిన వెలయే రేపు తెలుగుకును కట్టబడును. తెలుగు వలన ఉద్యోగమేమి వచ్చునని మన పిల్లలు అడిగినప్పుడు మనకు మారుమాట ఉండదు.

పరాయి భాష అనువారు ఒక సంగతి ఆలోచింపవలెను. 18వ శతాబ్దమున మద్రాసున నివసించి తెలుగు నేర్చిన బెంజమిన్ షూల్జ్ జర్మను మతప్రచారకుడు. తెలుగు తొలి అచ్చు పుస్తకములు 1746లో వెలువడినది ఆంధ్రదేశమున గాదు, జర్మనీలోని హాలె పట్టణమున. నాటి ప్రచారకుల లేఖలును నివేదికలును అచ్చటి భాండాగారమున నేటికిని ఉన్నవి. వానిలో పెక్కు పాత జర్మను లిపిలో ఉన్నవి. అవి చదువుటకు బీ1 చాలదు. మద్రాసు తెలుగువారి పూర్వచరిత్రను పరులు చదివి చెప్పువరకు మనము నోరు తెరచుకొని కూర్చుండవలసినదేనా?

అంతకు మించిన పాఠము రుమేనియాలోని బనాత్ సీమలో గలదు. 18వ శతాబ్దమున అచ్చటికి వలసపోయిన జర్మనులు మనవంటివారే. ఇంట యాస, బడిలో శిష్టభాష, కచేరిలో రాజ్యభాష. అట్టి పల్లెలలో ఒకటగు నిట్స్కీడార్ఫ్‌లో 1953లో జన్మించిన హెర్తా ముల్లర్ తిమిషోవారా విశ్వవిద్యాలయమున జర్మను సాహిత్యమును, రుమేనియను సాహిత్యమును రెంటిని చదివెను. ఒకదానికొరకు మరియొకదానిని విడువలేదు. 1982లో ఆమె తొలి పుస్తకము వెలువడగా, తమ పల్లెను అవమానించినదని స్వజనులే ఆగ్రహించిరి. ప్రభుత్వపు వేధింపులకు తాళలేక ఆమె 1987లో జర్మనీకి తరలిపోయెను. 2009లో నోబెల్ బహుమానము ఆమెను వరించెను. ఇంటి భాషకు విశ్వవిద్యాలయమున పీఠముండెను గనుకనే, ఆ పల్లెటూరి అనుభవము ప్రపంచ సాహిత్యము కాగలిగెను. వంటయింటికే పరిమితమైన భాషకు ఆ భాగ్యము కలుగదు.

నిఘంటువు సంగతియు అంతియే. గ్రిమ్ సోదరులు 1838లో ప్రారంభించిన జర్మను మహానిఘంటువు 1961లో గాని పూర్తి కాలేదు. జేకబ్ గ్రిమ్ 1863లో మరణించునాటికి ఎఫ్ అక్షరమైనను ముగియలేదు. రెండు మహాయుద్ధములు జరిగినవి, దేశము రెండుగా చీలినది. అయినను పని నిలువలేదు. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురములలోని మన ఇండ్లలో మాత్రమే మిగిలిన తెలుగు మాటలను ఏరి కూర్చుటకు అట్టి దీక్ష వలయును. ఆ దీక్షను ఆ శాస్త్రమును చదివినవాడే తేగలడు.

కావున పెద్దలకు మా విన్నపమొకటే. అడ్డుపడకుడు. మన సంఘములిచ్చు విద్యార్థివేతనములలో సాహిత్యవిద్యార్థికిని పాలు ఉంచుడు. విద్యార్థులకు మా షరతు ఒకటే: జర్మను చదువుడు, తెలుగు విడువకుడు, ఇంగ్లీషు మధ్యవర్తిత్వము లేక జర్మను గ్రంథములను నేరుగా తెలుగులోనికి తెండు. అప్పుడు ఆ కావ్యములు పరాయివారివి కావు, మనవియు నగును.